ఏ మొక్క నాటాలో నర్సరీలో ఏడాది ముందే తేలిపోతోంది

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడి నేల పదునెక్కగానే ఊరూరా మొక్కలు నాటే కార్యక్రమాలు మొదలవుతాయి. బడి పిల్లలు, స్వయం సహాయక సంఘాల మహిళలు, కాలనీ సంఘాలు, ఉద్యోగులు ఉత్సాహంగా పాల్గొంటారు. మరునాడు పత్రికల్లో ఫొటోలతో పాటు నాటిన మొక్కల సంఖ్య కూడా వస్తుంది. ఈ ఉత్సాహాన్ని నేను మనసారా గౌరవిస్తాను. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వన మహోత్సవానికి శ్రీకారం చుట్టినప్పటి నుంచి సామాన్యులకు చెట్టుతో అనుబంధం తెగిపోకుండా కాపాడుతున్నది ఈ సామూహిక శ్రమే. అయితే ఆ వార్తల్లో ఒక సంగతి దాదాపు ఎప్పుడూ కనిపించదు. వెయ్యి మొక్కలు నాటారని తెలుస్తుంది గానీ, ఆ వెయ్యిలో వేపలెన్ని, కానుగలెన్ని, మద్దులెన్ని, అందం కోసం తెచ్చిన పరాయి జాతులెన్ని అన్నది తెలియదు. చాలాసార్లు నాటిన వారికి కూడా తెలియదు.

ఇందుకు వారిని తప్పుపట్టలేం. జులైలో పలుగూ పారా పట్టుకుని వెళ్లే సమయానికి ఎంచుకునే అవకాశం వారి చేతిలో ఉండదు. లారీలోనో ట్రాక్టరులోనో ఏ మొక్కలు వస్తే అవే నాటాలి. ఆ లారీలోకి ఏ మొక్కలు ఎక్కాలన్నది అంతకు ముందటేడే నర్సరీలో తేలిపోయి ఉంటుంది. సామూహికంగా మొక్కలు నాటడంలో అసలైన నిర్ణయం ఇదే. ప్రజల ప్రమేయం లేకుండా జరిగిపోతున్నదీ ఇదే. స్థానిక చెట్లు మళ్లీ మన వీధుల్లోకి, చెరువు గట్లపైకి, బడి ఆవరణల్లోకి రావాలంటే సమాజం తన పనిని జులైలో గుంత దగ్గర కాక, ఏడాది ముందు గింజ దగ్గర మొదలుపెట్టాలని ఈ ఉత్తరం ద్వారా విన్నవించుకుంటున్నాను.

నర్సరీ నడిపేవారి కష్టాన్ని కూడా అర్థం చేసుకోవాలి. వారికి గడువు ఉంటుంది, సంఖ్య ఉంటుంది, ఒకే ఎత్తులో పచ్చగా కనిపించే మొక్కలు కావాలన్న ఒత్తిడి ఉంటుంది. కోనోకార్పస్ అనే పరాయి చెట్టు కొమ్మను ముక్కలు చేసి సంచుల్లో గుచ్చితే కొద్ది నెలల్లోనే నాటడానికి సిద్ధమవుతుంది. అది ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు, నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది. కుంకుడు గింజ మొలకెత్తడానికే రోజుల తరబడి ఎదురుచూడాలి. పొగడ మొక్క నడుమెత్తు పెరగడానికి చాలా ఓపిక కావాలి. సంఖ్యను బట్టి పనిని లెక్కించినంత కాలం నర్సరీవారు మొదటి దారినే పడతారు. అది వారి స్వభావదోషం కాదు, మనం పెట్టిన లెక్కలోని లోపం.

ఆ లెక్కను సరిచేయడానికి ప్రయత్నాలు జరగలేదని అనను. తెలంగాణలో 2015 జులైలో 230 కోట్ల మొక్కల లక్ష్యంతో హరితహారం మొదలైంది. ఆ తర్వాత వచ్చిన పంచాయతీరాజ్ చట్టం–2018, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికేలా చూసే బాధ్యతను సర్పంచి మీద, పంచాయతీ కార్యదర్శి మీద పెట్టింది. నాటడంతో సరిపోదు, బతికించాలి అని చట్టమే చెప్పడం పెద్ద ముందడుగు. కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. బతికిన శాతం ఒక్కటే కొలమానం అయినప్పుడు, దేన్నైనా తట్టుకుని నిలిచే పరాయి మొక్కే పరీక్షలో సులభంగా నెగ్గుతుంది. ఇప్ప, నేరేడు, మద్ది నాటి మొదటి రెండు వేసవులూ నీళ్లు మోసిన ఊరికంటే, కోనోకార్పస్ వరసలు వేసి వదిలేసిన ఊరు కాగితం మీద మెరుగ్గా కనిపించవచ్చు. కాబట్టి ఎన్ని బతికాయి అన్న ప్రశ్నను, బతికినవి ఏవి అన్న ప్రశ్నను విడివిడిగా అడిగితే ప్రయోజనం లేదు. రెండింటినీ ఒకే పట్టికలో రాయాలి.

కోనోకార్పస్ గురించి మరో మాట చెప్పాలి. దాని వేళ్లు మురుగు కాలువలను, మంచినీటి గొట్టాలను, భూగర్భ తీగలను దెబ్బతీస్తున్నాయని, పుప్పొడి వల్ల దగ్గు, ఉబ్బసం, అలర్జీలు వస్తున్నాయని పేర్కొంటూ గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నర్సరీల్లో పెంచడాన్ని, నాటడాన్ని నిషేధించింది. 2025లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. మన దగ్గరా దాని మీద చర్చ చాలానే జరిగింది. అయితే ఆ చర్చ వేడిలో, నిలిచి ఉన్న చెట్లన్నిటినీ ఒక్కసారిగా నరికేయాలన్న కోరిక వినిపిస్తే మాత్రం నేను ఒప్పుకోలేను. మండు వేసవిలో రోడ్డు పక్కన ఉన్న నీడ ఏదైనా నీడే. ముందు వాటి మధ్యన పొగడ, కానుగ, గంగరావి వంటివి నాటి, అవి తలెత్తాక పాతవాటిని వరసలు వరసలుగా తొలగించడం వివేకం. నిద్రగన్నేరు, తురాయి కూడా పరాయి దేశాల నుంచి వచ్చినవే. వాటి నీడలో తరాలు సేదతీరాయి. వాటి మీద గొడ్డలి ఎత్తమని ఎవరూ అడగడం లేదు, ఇకపై నాటేవాటి గురించే ఈ మాటలన్నీ.

ఒక పరాయి మొక్కను తొందరపడి తెచ్చుకుంటే ఏమవుతుందో తెలుగు నేలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. సర్కారు తుమ్మ సొంత నేల అమెరికా ఖండం. వంటచెరకు కొరత తీర్చడానికి, బీళ్లను పచ్చగా చేయడానికి 1870వ దశకంలో దాన్ని కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. ఆ ఉద్దేశం మంచిదే. పేదల పొయ్యి కింద అది మండింది, బొగ్గుగా మారి కొందరికి ఉపాధి కూడా ఇచ్చింది. కానీ పశువులు దాని కాయలు తిని పేడలో గింజలు వెదజల్లడంతో అది చెరువు శిఖాల్లోకి, వాగుల్లోకి, పొలాల గట్ల మీదికి పాకింది. తన కింద వేరే మొక్కను సులభంగా ఎదగనివ్వదు. ఒకసారి కొట్టేస్తే మోడు నుంచి పది పిలకలు వేస్తుంది. 150 ఏళ్ల కిందటి ఆ నిర్ణయానికి నేటికీ ప్రతి గ్రామమూ జేసీబీలతో మూల్యం చెల్లిస్తూనే ఉంది.

స్థానికం అంటే ఏమిటని కొందరు సహేతుకంగానే అడుగుతారు. చింత పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. అయినా వేల ఏళ్లుగా ఇక్కడ పెరిగి, ఇక్కడి వానకు, ఎండకు, పక్షులకు, మనుషులకు అలవాటుపడిన చింతను పరాయిదని ఎవరూ అనరు. కాబట్టి పుట్టుక ధ్రువపత్రం కంటే ఆ చెట్టు చుట్టూ ఎన్ని ప్రాణులు బతుకుతున్నాయన్నది చూడడం మంచిదని నా అభిప్రాయం. దీనికి మేడి, మర్రి, రావి, జువ్వి చెట్లను మించిన ఉదాహరణ లేదు.

ఒక మేడికాయను చీల్చి చూడండి. లోపలి గోడ నిండా సన్నని పూలు కిక్కిరిసి ఉంటాయి. బయటికి పువ్వు కనిపించదు కనుక తేనెటీగలు, సీతాకోకచిలుకలు వాటిని చేరలేవు. కాయ కొననున్న ఇరుకైన రంధ్రం గుండా ఒక చిన్న కందిరీగ లోపలికి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు సాధారణంగా ఊడిపోతాయి. వెంట తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. దాని పిల్లలు ఆ కాయలోనే పెరిగి, కొత్త పుప్పొడితో బయటికి వచ్చి మరో చెట్టును వెతుక్కుంటాయి. మేడికి, మర్రికి, రావికి ఇలా వేటి కందిరీగ వాటికి ఉంటుంది. బయటికి వచ్చిన కందిరీగ బతికేది ఒకటి రెండు రోజులే. అంటే ఆ జాతి చెట్టు చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట లేత కాయలతో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అందుకే ఈ చెట్లన్నీ ఒకే నెలలో కాయవు. ఒక మర్రి ఈ నెలలో పండితే, దూరాన ఉన్న మరో మర్రి పై నెలలో పండుతుంది. తక్కిన చెట్లు కాయని కాలంలో కోయిలలకు, గోరువంకలకు, పచ్చ పావురాలకు, గబ్బిలాలకు ఆకలి తీర్చేది ఈ ఏర్పాటే. ఊరికి ఒకే ఒక మర్రి మిగిలితే ఈ గొలుసు సాగదు. వాడకట్టుకొకటి కాకపోయినా, ప్రతి చెరువు దగ్గరా, ప్రతి పెద్ద మైదానం అంచునా ఒకటి ఉండాలి.

తక్కిన చెట్లకూ ఇలాంటి బంధాలే ఉన్నాయి. రేల ఆకు మీద పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. మారేడు, వెలగ, కరివేప ఆకులను తిని పెరిగే గొంగళిపురుగులే నిమ్మతోటల్లో తిరిగే నలుపు పసుపు సీతాకోకచిలుకలవుతాయి. మద్ది ఆకుల మీద దసలి పట్టుపురుగు బతుకుతుంది, దాని మీద ఆధారపడి గోదావరి తీర అడవుల్లో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. మోదుగ ఆకులు రాల్చి ఎర్రగా పూసినప్పుడు తేనెపిట్టలు ఆ చెట్టును వదలవు. పిచ్చుకలు తగ్గిపోయాయని అందరం బాధపడుతున్నాం. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది గానీ, గూటిలోని పిల్లలకు పురుగులనే తెచ్చి పెట్టాలి. ఆకును ఏ పురుగూ ముట్టని చెట్లతో వీధంతా నింపి, పిచ్చుకలు తిరిగి రావాలని గూళ్లు వేలాడదీస్తే ఆ గూటిలోని పిల్లలకు తిండి ఎక్కడిది? ఆకుకు చిల్లులు పడడం చెట్టుకు రోగం కాదని, చాలాసార్లు అది దాని పని తాను చేస్తున్నదనడానికి గుర్తని పిల్లలకు చెప్పాలి.

నీడ విషయంలోనూ మన చెట్లకు మన రుతువులతో పొత్తు ఉంది. కానుగను గమనించండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి, ఏప్రిల్ నాటికి మెరిసే లేతాకుతో గొడుగులా నిండిపోతుంది. ఎండ ముదిరి మనకు నీడ ఎప్పుడు కావాలో అప్పుడే దాని ఆకు చిక్కబడుతుంది. వేప కూడా దాదాపు అదే కాలంలో చిగుర్చి పూస్తుంది. కానుగ పప్పుజాతికి చెందినది కనుక గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల ద్వారా నేలకు అందిస్తుంది. దాని ఆకును పొలంలో పచ్చిరొట్టగా తొక్కించిన రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మేకలు దాని జోలికి అంతగా పోవు. పశువులు ముట్టవన్న ఒక్క కారణంతో కోనోకార్పస్‌ను ఎంచుకునేవారు ఈ లక్షణం కానుగలో ఉందని గుర్తిస్తే ఎంతో మేలు.

స్థానికమైనదైనా ఒకే జాతిని నాటుకుంటూ పోవడం ప్రమాదమే. 2021 ప్రాంతంలో తెలంగాణలో, చుట్టుపక్కల రాష్ట్రాల్లో వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి ఎండుకుంటూ వచ్చి, చెట్లకు చెట్లే మాడిపోయినట్టు కనిపించిన దృశ్యాన్ని చాలామంది మరిచిపోయి ఉండరు. శిలీంధ్రం వల్ల వచ్చిన కొమ్మ ఎండు తెగులుకు, లేత కొమ్మల రసం పీల్చే టీ దోమ అనే పురుగు తోడైందని శాస్త్రవేత్తలు తేల్చారు. చాలా వేపలు మళ్లీ చిగుర్చాయి, కానీ వీధి మొత్తం వేపలే ఉన్నచోట ఆ ఏడాది నీడ మొత్తంగా పోయింది. నగరాల్లోని చెట్లలో ఏ ఒక్క జాతీ 10 శాతానికి, ఏ ఒక్క ప్రజాతీ (దగ్గరి జాతుల గుంపు) 20 శాతానికి, ఏ ఒక్క కుటుంబమూ (దగ్గరి ప్రజాతుల గుంపు) 30 శాతానికి మించకూడదని అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు శాంటమోర్ 1990లో ఒక సూత్రం ప్రతిపాదించారు. అంకెలను అక్షరాలా పాటించడం ప్రతిచోటా కుదరకపోవచ్చు. వీధికి నాలుగైదు జాతులైనా ఉండాలన్న పట్టుదల ఉంటే చాలు. మనకు జాతుల కొరత లేదు. నెమలినార, దిరిసెన, పొగడ, దేవకాంచనం, కదంబం, తాని, కరక, వేగిస, బూరుగ, ఉసిరి అని చెప్పుకుంటూ పోతే ఎన్నో ఉన్నాయి. వాటి మొక్కలు దొరకడం లేదన్నదే మన బాధ. దొరకకపోవడానికి కారణం ఎవరూ గింజ ఏరకపోవడం.

గింజకు ఒక గడువు ఉంటుంది, ఆ గడువు జాతికో తీరుగా ఉంటుంది. వేపపండ్లు మే చివరి నుంచి జులై దాకా రాలుతాయి. ఆ గింజ కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది కనుక ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి వెంటనే సంచిలో వేయాలి. నేరేడు గింజను రెండు వారాలకు మించి ఆపకూడదు; దాని విశేషమేమంటే ఒక్కో గింజ నుంచి ఒకటికంటే ఎక్కువ మొలకలు రావచ్చు. ఇప్పగింజ కూడా ఆగలేనిదే. అందుకు భిన్నంగా చింత, కుంకుడు, రేల గింజలు డబ్బాలో పెడితే నెలల తరబడి నిలుస్తాయి, అయితే గట్టి పెంకు కారణంగా మొలవడానికి మొండికేస్తాయి. రేల గింజను గరుకు రాయి మీద రుద్దితేనో, మరిగించి దించిన నీళ్లలో వేసి చల్లారేదాకా ఉంచితేనో తేమ లోపలికి దిగుతుంది. తెల్లమద్ది కాయకు అయిదు రెక్కలుంటాయి. వేసవిలో వాగుల ఒడ్డున రాలినవి ఏరి కొన్ని రోజులు నీళ్లలో నానబెట్టి వేయాలి. తాటికి సంచీయే పనికిరాదు. దాని మొలక ముందు భూమిలోకి లోతుగా దిగి, తర్వాత పైకి వస్తుంది. అందుకే టెంకను చెరువు గట్టు మీద నిలవాల్సిన చోటే పాతిపెట్టాలి. మర్రికి కొమ్మ నాటినా వేళ్లు వస్తాయి. పాత గోడల పగుళ్లలో, బావి ఒరల్లో పక్షుల రెట్టల వల్ల మొలిచిన రావి, మర్రి మొక్కలను వానాకాలంలో వేళ్లు తెగకుండా తీసి సంచుల్లో పెంచితే గోడా బాగుపడుతుంది, మొక్కా దక్కుతుంది.

ఇందులో పెద్ద చదువు అవసరమైన పని ఒక్కటీ లేదు. ఖమ్మం జిల్లాకు చెందిన వనజీవి దరిపల్లి రామయ్య గారు జీవితమంతా చేసింది ఇదే. వేసవిలో గింజలు ఏరడం, జేబుల్లోనూ సంచుల్లోనూ నింపుకుని సైకిలు మీద తిరుగుతూ ఖాళీ కనిపించిన చోటల్లా చల్లడం ఆయన దినచర్య. 2017లో పద్మశ్రీ అందుకుని, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన విగ్రహాలు పెట్టుకోవచ్చు గానీ, ఆయన సంచి ఎవరు అందుకుంటారన్నది అంతకంటే ముఖ్యం. కెన్యాలో వంగారీ మాథాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, మొక్కలు పెంచడం గ్రామీణ మహిళల వల్ల కాదని, దానికి వృత్తి శిక్షణ ఉండాలని అన్నవారున్నారు. ఆ మహిళలు చుట్టుపక్కల చెట్ల గింజలు ఏరి, ఇంట్లో దొరికిన పాత పాత్రల్లో నారు పోసి, తమ పద్ధతులు తామే కనుక్కున్నారు. నాటిన మొక్కకు కాక, నాటాక నిలదొక్కుకున్న మొక్కకు వారికి చిన్న మొత్తం చెల్లించేవారు. ఆ ఉద్యమం 5 కోట్లకు పైగా చెట్లను నాటింది, మాథాయ్‌కి 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. గింజ ఏరిన చేయి, నీళ్లు పోసిన చేయి, ప్రతిఫలం అందుకున్న చేయి ఒకటే కావడం ఆ విజయానికి మూలమని నేను భావిస్తాను. మన స్వయం సహాయక సంఘాలకు ఈ పని అప్పగిస్తే అంతకంటే బాగా చేయగలరు.

నాటే తీరు గురించి కూడా కొంత చెప్పక తప్పదు. ఎండిపోయిన మొక్కను పెకలించి చూస్తే చాలాసార్లు కారణం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. సంచిలో ఏళ్ల తరబడి ఉండిపోయిన మొక్క వేళ్లు అడుగున గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి. నేలలో పెట్టాక కూడా ఆ చుట్టు విడివడక, పక్కనున్న తడిని అందుకోలేక మొక్క వేసవికి వాడిపోతుంది. కొన్నిటికి పాలిథిన్ సంచి కూడా తీయకుండానే పాతిపెట్టి ఉంటారు. సంచిని కోసి తీసేయడం, చుట్టుకున్న వేళ్లను అడుగున కొద్దిగా కత్తిరించడం, ఒకటిన్నర అడుగుల గుంతను వేసవిలోనే తవ్వి పైమట్టిని విడిగా ఉంచి తిరిగి అడుగున వేయడం, మొదటి మంచి వాన తర్వాతే నాటడం, పాదు కట్టి రాలిన ఆకును కప్పడం, చుట్టూ ముళ్ల కంప వేయడం మన పెద్దలకు తెలిసిన పనులే. ఆ తర్వాత రెండు వేసవులపాటు వారానికి ఒకటి రెండు సార్లయినా నిండుగా నీళ్లు పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే ఆగిపోతాయి, వారానికోసారి బిందెడు పోస్తే తడిని వెతుక్కుంటూ లోతుకు దిగుతాయి. పట్టణాల్లో అయితే కాండం మొదలు దాకా సిమెంటు పోయడం మానాలి. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ నియమం ఢిల్లీ చెట్లకే పరిమితం కావాల్సిన అవసరం లేదు.

ఎక్కడ ఏది నాటాలన్న వివేచన లేకపోతే స్థానిక చెట్టు కూడా గొడ్డలికి బలవుతుంది. కరెంటు తీగల కింద మర్రి నాటితే లైన్‌మన్ ఏటా దాని తల నరుకుతూనే ఉంటాడు. అక్కడ పారిజాతం, దేవకాంచనం చాలు. వాగు ఒడ్డుకు మద్ది, చెరువు గట్టుకు తాడి, సముద్రపు ఉప్పుగాలి తగిలేచోట పొన్న, గంగరావి, మెట్ట నేలల్లో జమ్మి, దిరిసెన, రేగు బాగా నిలుస్తాయి. కొన్నిచోట్ల అసలు నాటకూడదు. గడ్డి మైదానం బంజరు కాదు. కర్నూలు సమీపాన రోళ్లపాడు గడ్డిభూములు బట్టమేక పిట్టకు పేరుపడినవి, కృష్ణజింకలకు నెలవులు; అలాంటి చోట చెట్లు పెంచితే ఆ జీవులకు నిలువనీడ లేకుండా చేసినట్టే. జపాన్ వృక్షశాస్త్రజ్ఞుడు అకిరా మియావాకీ పేరుతో ఇప్పుడు చిట్టడవులు వేస్తున్నారు. ఆ పద్ధతికి ప్రాణం చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు పెట్టడంలో లేదు, ఆ నేలలో సహజంగా పెరిగే జాతులను వెతికి తేవడంలో ఉంది. ఆ వెతుకులాట వదిలేసి, సాంద్రత మాత్రం పాటించి మియావాకీ పేరు పెట్టడం ఆయనకు న్యాయం చేయడం కాదు.

గింజల గురించి మాట్లాడుతున్నప్పుడు ముసలి చెట్లను తలచుకోక తప్పదు. హైదరాబాద్–బీజాపూర్ రహదారిలో చేవెళ్ల దగ్గరి మర్రిచెట్లను రోడ్డు విస్తరణ నుంచి కాపాడుకోవడానికి పౌరులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఒక మహావృక్షాన్ని కొట్టేసి దానికి బదులు పది మొక్కలు నాటామని చెప్పుకునేవారు, ఆ పది మొక్కలకు గింజ ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి. దశాబ్దాల కరవులను, గాలివానలను తట్టుకుని నిలిచిన చెట్టు గింజలో ఆ నేలకు తగిన బలం ఉంటుంది. ప్రతి మండలంలో అలాంటి తల్లి చెట్లను గుర్తించి, వాటి జాబితాను బోర్డు మీద రాసి, వాటి గింజలనే ఆ మండలపు నర్సరీకి చేర్చాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపాలు మూడు. ప్రతి నర్సరీ బయట ఏయే జాతులు ఎన్నెన్ని పెంచుతున్నారో తెలిపే పట్టికను జనవరిలోనే పెట్టాలి. వచ్చే ఏడాదికి ఏం కావాలో గ్రామసభలు, కాలనీ సంఘాలు, బడులు రాసిచ్చే అవకాశం కల్పించాలి. మొక్కల లెక్కను నాటిన రోజున కాకుండా మూడో వేసవి దాటాక, జాతుల వారీగా ప్రకటించాలి. ఈ మూడింటికీ కొత్త పథకం అక్కర్లేదు, ఉన్న నర్సరీలు, ఉన్న సిబ్బంది సరిపోతారు.

మీ పత్రికకూ ఒక మనవి. జిల్లా అనుబంధంలో నెలకోసారి, ఆ నెలలో ఆ జిల్లాలో ఏ చెట్ల గింజలు రాలుతాయో, వాటిని ఎలా ఏరి ఎలా భద్రపరచాలో తెలిపే చిన్న శీర్షిక నడపండి. అటవీ కళాశాలల అధ్యాపకులు, పదవీ విరమణ చేసిన అటవీ ఉద్యోగులు సంతోషంగా రాసిస్తారు. ఫిబ్రవరి సంచికతో మొదలుపెడితే చింత, కుంకుడు, రేల, మద్ది ఒక్కొక్కటిగా అందుతాయి. వేసవి సెలవులు మొదలయ్యే సరికి కానుగ కాయలు ఉంటాయి, సెలవులు ముగిసి బళ్లు తెరిచేసరికి వేపపండ్లు, ఆ వెంటనే నేరేళ్లు వస్తాయి. ఆ మొక్కలే పై ఏడాది జులైకి నాటడానికి సిద్ధమవుతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు